మనవడి సగటు .412, ఫోన్ మాత్రం మోగలేదు

ఈ నెల ఉత్తరాల్లో మూడు బేస్‌బాల్ మీదే వచ్చాయి. నేను ఈ శీర్షిక మొదలుపెట్టిన కొత్తలో క్రికెట్, బ్యాడ్మింటన్ తప్ప వేరే ఆట గురించి అడిగేవాళ్లే లేరు. ఇప్పుడు పిల్లలు టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఆడుతుంటే, ఇక్కడ తాతయ్యలు తెల్లవారుజామున లేచి కాఫీ పెట్టుకుని ఫోన్‌లో స్కోరు చూస్తున్నారు. నేను ఉస్మానియా యూనివర్సిటీకి సాఫ్ట్‌బాల్ ఆడాను. ఆ తర్వాత ఒక మహిళా కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఈ ఉత్తరాలు చేతికి రాగానే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అందుకే ఈసారి తీరిగ్గా రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటుంది. మనవడికి పదహారేళ్లు, మొన్న మే నెలలో పదో తరగతి అయింది. స్కూల్ టీమ్‌లో షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఈ సీజన్‌లో బ్యాటింగ్ సగటు .412. అయినా ఒక్క కాలేజీ కోచ్ కూడా ఫోన్ చేయలేదు. వాడి స్నేహితుడికి రెండు పెద్ద యూనివర్సిటీల నుంచి క్యాంప్ ఆహ్వానాలు వచ్చాయట. కాలేజీ కోచ్‌లు వచ్చి చూసే షోకేస్ అనే పోటీలకు వేల డాలర్లు కట్టి పంపాలని మా అబ్బాయి అంటున్నాడు. పిల్లవాడిలో లోపమేమిటి? కోచ్‌లు అసలేం చూస్తారు?
- ఒక తాతగారు, కూకట్‌పల్లి

జవాబు: అన్నయ్యగారూ, ముందు మీ టెన్షన్ సగం తీసేస్తాను. ఫోన్ రాకపోవడానికి మీ మనవడి ఆటతో సంబంధం లేదు. అక్కడి కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ రూలు ఒకటుంది. దాని మూడు స్థాయుల్లో పైదైన డివిజన్ వన్ బేస్‌బాల్ కోచ్‌లు, పిల్లవాడు పదకొండో తరగతిలోకి వెళ్లే ఏడాది ఆగస్టు 1 దాకా ఎంపిక గురించి మాట్లాడకూడదు. ఫోన్ చేయకూడదు, మెసేజ్ పెట్టకూడదు. ఒకప్పుడు తొమ్మిదో తరగతి పిల్లల దగ్గరే మాట తీసేసుకునేవారు. ఆ తొందర ఆపడానికి 2023లో ఈ తేదీ పెట్టారు. మీ మనవడికి ఆ ఆగస్టు ఇంకా రాలేదు.

స్నేహితుడికి వచ్చిన క్యాంప్ ఆహ్వానాలకు ఈ రూలు వర్తించదు, అందుకే వాటిని వందల మందికి పంపుతారు. డబ్బు కట్టి వెళ్లే క్యాంపులవి. మన పిల్లలకు ఇంటర్ పరీక్షలు అయ్యీ అవకముందే ఇంజినీరింగ్ కాలేజీల మెసేజ్‌లు వస్తాయి చూడండి, అలాంటివే. ఆగస్టు తర్వాత ఒక కోచ్ తానే రాసి, ఫలానా మ్యాచ్‌లో నీ ఆట చూశాను, ఫలానా బంతి నువ్వు అందుకున్న తీరు నచ్చింది అన్నాడంటే దాన్ని పిలుపనుకోండి.

ఇక .412 సంగతి. అంటే వెయ్యిసార్లు బ్యాటింగ్‌కి దిగితే 412సార్లు కొట్టి బేస్ చేరిన లెక్క. అక్కడి పై స్థాయి ప్రొఫెషనల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో, అంటే అమెరికన్, నేషనల్ లీగుల్లో, 1941లో టెడ్ విలియమ్స్ .406 కొట్టాక, సీజన్ మొత్తం మీద .400 ఎవరూ అందుకోలేదు. స్కూల్ లీగుల్లో మాత్రం ఏటా ఎందరో అందుకుంటారు. ఎదురుగా బంతి విసిరేవాడు ఒక రోజు గంటకు 88 మైళ్ల వేగంతో విసురుతాడు, ఇంకో రోజు వచ్చినవాడు 70 దాటడు. మన గల్లీ టోర్నమెంట్‌లో సెంచరీ కొట్టాడంటే రంజీ సెలెక్టర్ ఏమంటాడు? ఎవరి బౌలింగ్‌లో అని అడుగుతాడు. అక్కడా అంతే.

కోచ్‌లు ఏం చూస్తారో నాకు అర్థమైంది 2023లో. డల్లాస్ పక్కన మా అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నాను. ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో స్కూల్ గ్రౌండ్. ఫిబ్రవరి చలిలో శాలువా కప్పుకుని, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక మెట్ల మీద కూర్చునేదాన్ని. అక్కడే ఒక పెద్దాయన పరిచయమయ్యారు. చాలా ఏళ్లు కాలేజీ జట్లకు కోచ్‌గా చేసి రిటైరైన మనిషి. మెడలో స్టాప్‌వాచ్, ఒళ్లో చిన్న నోట్‌బుక్. మ్యాచ్‌కి గంట ముందే వచ్చి కూర్చునేవారు. మ్యాచ్‌లో షార్ట్‌స్టాప్ దగ్గరికి బంతి నాలుగుసార్లు వస్తే ఎక్కువ, ముందు జరిగే ప్రాక్టీసులోనే కాళ్లూ చేతులూ తీరిగ్గా చూడొచ్చు అనేవారు.

ఒక సాయంత్రం ఒక కుర్రాడు మన సిక్సర్ లాంటి హోమ్ రన్ కొట్టాడు. అందరూ లేచి నిలబడ్డారు, నేనూ చప్పట్లు కొట్టాను. ఆయన పెన్ను కదలలేదు. అడిగితే, ఆ బంతి 72 మైళ్లది, బొడ్డు ఎత్తున నడిమధ్యకు వచ్చింది, కాలేజీలో వీడికి అలాంటి బంతి ఎవరూ వేయరు అన్నారు. రెండు ఇన్నింగ్స్ తర్వాత రెండో జట్టు షార్ట్‌స్టాప్ కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ, బంతి విసిరే పిచ్చర్ చేతికే వెళ్లింది. ఔటని గ్రౌండ్‌లో అందరికీ తెలుసు. ఆ పిల్లవాడు మాత్రం తల వంచుకుని మొదటి బేస్ దాటేదాకా ప్రాణం పెట్టి పరిగెత్తాడు. స్టాప్‌వాచ్‌లో 4.3 సెకన్లు. పెద్దాయన రాసుకున్నారు.

తర్వాతి ఇన్నింగ్స్‌లో అదే పిల్లవాడి గ్లవ్ అంచుకి తగిలి బంతి పక్కకు పోయింది. ఎర్రర్. నేను అయ్యో అనుకుంటూ బంతి వెంట చూశాను. ఆయన చూపు కుర్రాడి కాళ్ల మీదే ఉంది. కుర్రాడు బూటుతో ఎదురుగా ఉన్న మట్టిని చదును చేశాడు. పిడికిలితో గ్లవ్‌లో ఒక్కసారి గుద్దాడు. పిచ్చర్ చెయ్యి పైకి లేచేసరికి మళ్లీ మునివేళ్ల మీదకు వచ్చి రెడీగా ఉన్నాడు. పెద్దాయన రెండో లైను రాశారు.

అలాగని కొలతలు అక్కర్లేదనుకోకండి. మొదటి వడపోత వాటితోనే జరుగుతుంది. అరవై గజాల పరుగు, అంటే దాదాపు 55 మీటర్లు, 7 సెకన్ల లోపు రావాలని డివిజన్ వన్ కోచ్‌లు సాధారణంగా కోరుకుంటారు. షార్ట్‌స్టాప్ విసిరే బంతి గంటకు 85 మైళ్ల దగ్గరికి రావాలి. బ్యాట్ నుంచి బంతి బయలుదేరే వేగం 90 మైళ్లు దాటితే శ్రద్ధగా చూస్తారు. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్లకైతే పాప్ టైమ్ అని వేరే లెక్క. బంతి గ్లవ్‌లో పడ్డ క్షణం నుంచి 127 అడుగుల అవతల రెండో బేస్ దగ్గరి ఫీల్డర్ చేతిలో పడేదాకా పట్టే సమయం. రెండు సెకన్లలో అందించే క్యాచర్ ఏ జట్టుకైనా కావాలి. ప్రొఫెషనల్ స్కౌట్లు ఇంకో అడుగు ముందుకేసి కొట్టడం, బలం, పరుగు, ఫీల్డింగ్, విసరడం అని ఐదింటికీ 20 నుంచి 80 వరకు మార్కులు వేస్తారు. 50 అంటే మేజర్ లీగ్ ఆటగాడి సగటు.

కానీ కోచ్‌కి కావలసింది పందొమ్మిదేళ్ల ఆటగాడు. మీ మనవడికి పదహారు. ఈ మూడేళ్లలో ఎలా పెరుగుతాడో ముందే అంచనా కట్టడం ఆయన ఉద్యోగం. మణికట్టు, భుజాల వెడల్పు, పాదాల సైజు చూస్తారు. మ్యాచ్ అయ్యాక తల్లిదండ్రులను పలకరించడంలో కూడా ఒక లెక్క ఉంటుంది, వాళ్ల ఒడ్డూ పొడుగూ చూసుకుంటారు. ఇప్పటికే గడ్డాలు వచ్చేసి కండలు తిరిగిన కుర్రాడు 86 మైళ్లు విసిరితే, ఇంకా మీసం రాని సన్నటి కుర్రాడు 82 విసిరితే, చాలామంది కోచ్‌లు రెండోవాడి దగ్గరే ఆగుతారు.

ఈ విషయంలో నేను ఒక పెద్ద తప్పు చేశాను. ఒక ఏడాది మా కాలేజీ సెలెక్షన్స్‌కి సన్నగా, పుల్లలా ఉన్న అమ్మాయి వచ్చింది. ఐదు నిమిషాల ట్రయల్ చూసి, బలం లేదని పంపించేశాను. చెయ్యి ఎంత ఒడుపుగా తిరుగుతోందో నా కళ్లు చూశాయి, కానీ నేను లెక్కలోకి తీసుకోలేదు. రెండేళ్లకు అదే అమ్మాయి ఇంకో కాలేజీకి ఆడుతూ ఔట్‌ఫీల్డ్ నుంచి నేరుగా హోమ్ ప్లేట్‌కి విసిరి మా జట్టులో ఇద్దరిని ఔట్ చేసింది. మన సిరాజ్ టెన్నిస్ బంతితో ఆడుతూ పెరిగి, ఇరవై ఒకటో ఏట 2015లో కదా హైదరాబాద్‌కి రంజీ ఆడాడు. పదహారేళ్లకే చెయ్యి తూకం వేసేస్తే ఎలాగండీ?

ఎత్తు గురించి మీరు విడిగా అడగకపోయినా ఆ దిగులు అక్షరాల్లో కనిపించింది. 5 అడుగుల 6 అంగుళాల హోసే అల్తూవే 2017లో అమెరికన్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు అయ్యాడు. పైగా మీవాడు షార్ట్‌స్టాప్. కాలేజీ జట్లలో రెండో బేస్, మూడో బేస్, ఔట్‌ఫీల్డ్‌లో కనిపించేవాళ్లలో చాలామంది స్కూల్లో షార్ట్‌స్టాప్‌లే. ఆ స్థానంలో ఆడగలిగినవాడు ఎక్కడైనా సర్దుకుంటాడని కోచ్‌ల నమ్మకం.

మీ అబ్బాయికి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. డివిజన్ వన్ తప్ప మిగతావి కాలేజీలే కావన్నట్టు మన కుటుంబాలు మాట్లాడతాయి. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడం తేలికైంది. పద్దెనిమిదేళ్ల కొత్తవాడి బదులు, ఇప్పటికే రెండేళ్లు కాలేజీ ఆట ఆడినవాణ్ణి తీసుకుందామని కోచ్‌లు చూస్తున్నారు. 2025-26 నుంచి పెద్ద జట్లలో చాలావాటికి 34 మంది పరిమితి వచ్చింది. స్కాలర్‌షిప్పులు కూడా మనం ఊహించుకున్నట్టు ఉండవు. 2024-25 వరకు డివిజన్ వన్ జట్టు మొత్తానికి కలిపి 11.7 స్కాలర్‌షిప్పులే, వాటినే ముక్కలు చేసి చాలామందికి పంచేవారు. ఇప్పుడు ఆ పెద్ద జట్లకు ఈ పరిమితి తీసేసినా, అందరికీ ఫుల్ ఫీజు ఇచ్చే స్థోమత ప్రతి కాలేజీకీ ఉండదు. డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్పే లేదు, కానీ మార్కులకు మంచి సాయం దొరుకుతుంది. రెండేళ్ల చదువుండే జూనియర్ కాలేజీని చిన్నచూపు చూడకండి. 703 హోమ్ రన్లు కొట్టిన ఆల్బర్ట్ పుహోల్స్ కాన్సాస్ సిటీలో ఒక కమ్యూనిటీ కాలేజీకి ఆడి, ప్రొఫెషనల్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1999లో 13వ రౌండ్‌లో ఎంపికైనవాడే. మొదటి ఏడాది నుంచే రోజూ గ్రౌండ్‌లో ఉండే కాలేజీ ఏదో వెతకమనండి.

షోకేస్‌కి ఇప్పుడే డబ్బు కట్టొద్దు. ముందు ఇంటి దగ్గర గ్రౌండ్‌లో టేపు పట్టుకుని అరవై గజాలు కొలిచి, స్టాప్‌వాచ్‌తో మూడు వారాలు టైమ్ తీయండి. 7.4 వస్తుంటే షోకేస్‌లోనూ అదే వస్తుంది, ఆ అంకె నెట్‌లో పిల్లవాడి పేరు పక్కన నిలిచిపోతుంది. 7 దగ్గరికి తెచ్చుకున్నాక వెళ్లొచ్చు. ఈలోగా రెండు నిమిషాల వీడియో తీయండి. పాటలు, స్లో మోషన్ వద్దు. వరుసగా పది నేల బంతులు పట్టి మొదటి బేస్‌కి విసరడం, పక్క నుంచి తీసిన పది బ్యాటింగ్ దెబ్బలు, ఒక పరుగు చాలు. మార్కుల షీటు జతచేసి, పదిహేను కాలేజీల కోచ్‌లకు పిల్లవాడే స్వయంగా మెయిల్ రాయాలి. నాన్న రాస్తే కోచ్‌కి ఇట్టే తెలిసిపోతుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా అక్క కొడుక్కి పదిహేనేళ్లు. పిచ్చర్. వారం మధ్యలో స్కూల్‌కి, వారాంతంలో ట్రావెల్ టీమ్‌కి, అంటే ఊళ్లు తిరిగి ఆడే క్లబ్బు జట్టుకి ఆడతాడు. నెల రోజులుగా మోచేయి లోపలి వైపు నొప్పి. రెండు వారాల్లో కాలేజీ కోచ్‌లు వచ్చే పోటీ ఉందని ఎవరికీ చెప్పకుండా ఐస్ పెట్టుకుంటున్నాడు. నాతో మాత్రమే చెప్పాడు. ఏం చేయమంటారు?
- ఒక పిన్ని, మియాపూర్

జవాబు: అమ్మా, ఈ పత్రిక మీ చేతికి వచ్చేదాకా ఆగకూడదని మీకు ముందే ఫోన్‌లో చెప్పించాను. ఇలాంటి ఇంట్లో ఇంకెవరైనా ఉంటారని ఇక్కడ కూడా రాస్తున్నాను. వాడు ఈరోజు నుంచి బంతి పట్టకూడదు. మీ అక్కకి చెప్పేయండి. నమ్మి చెప్పాడు కదా అని దాచకండి, ఈ రహస్యం దాచాల్సింది కాదు.

మోచేయి లోపలి వైపు ఒక స్నాయువు ఉంటుంది, విసిరే ప్రతి బంతి బరువూ దాని మీదే పడుతుంది. అది తెగితే చేసే ఆపరేషన్‌నే టామీ జాన్ సర్జరీ అంటారు. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టర్ టామీ జాన్ అనే పిచ్చర్‌కి మొదటిసారి చేశారు కాబట్టి ఆ పేరు. చేయించుకున్నవాడు మళ్లీ మ్యాచ్‌లో విసరడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. పదిహేనేళ్లకు ఎముక చివరల్లో పెరుగుదల ఇంకా పూర్తి కాకపోవచ్చు, నొప్పి అక్కడి నుంచి కూడా కావచ్చు. ఏదన్నది స్పోర్ట్స్ ఆర్థోపెడిక్ డాక్టరే తేల్చాలి.

అసలు సమస్య లెక్కలో ఉంది. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అని మార్గదర్శకాలు పెట్టాయి. 15, 16 ఏళ్ల పిల్లలు రోజుకి 95 బంతులు దాటకూడదు. 75 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పోటీల్లో పిచింగ్ చేయకూడదు. అయితే స్కూల్ కోచ్ తన బంతులే లెక్కపెడతాడు, ట్రావెల్ కోచ్ తన బంతులే లెక్కపెడతాడు. గురువారం 80, ఆదివారం 70 విసిరిన చెయ్యి ఒక్కటేనని రాసుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ రెండూ కలిపి రాసే నోట్‌బుక్ మీ అక్క దగ్గర ఉండాలి.

అవకాశం పోతుందన్న వాడి భయం నాకు అర్థమవుతుంది. కానీ నొప్పితో విసిరేవాడి మోచేయి కిందికి జారుతుంది, బంతి ఎత్తుకు పోతుంది. వెనక కూర్చున్న అనుభవమున్న కోచ్ నాలుగో బంతికే కనిపెడతాడు. పదిహేనేళ్లవాడికి వచ్చే వేసవి ఉంది, ఆ పై వేసవీ ఉంది. బాగైన చేతితో వెళ్లమనండి.

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఫస్టియర్. స్కూల్లో ఉండగా బేస్‌బాల్‌లో రాష్ట్ర జట్టుకి ఆడాడు, బంతి చాలా గట్టిగా విసురుతాడు. లక్ష రూపాయలు కడితే అమెరికాలో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ గ్యారంటీ అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. కట్టమంటారా?
- ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కట్టకండమ్మా. స్కాలర్‌షిప్ ఇచ్చేది కోచ్, కాలేజీ. మధ్యలో ఇంకెవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

దారి ఉందా అంటే ఉంది, ఇరుకు దారి. ఎన్‌సీఏఏ డివిజన్ వన్‌లో ఆడాలంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ లాంటి 16 కోర్ సబ్జెక్టులు పూర్తయి ఉండాలి, వాటిలో కనీస గ్రేడు రావాలి. కాబట్టి మార్కుల మెమోలన్నీ జాగ్రత్త చేయండి. 2008లో ఒక టీవీ పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన రింకూ సింగ్ (క్రికెటర్ కాదు, వేరే అబ్బాయి), దినేశ్ పటేల్ అనే ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ జావెలిన్ విసిరినవాళ్లే. వాళ్లు వెళ్లింది ప్రొఫెషనల్ జట్టుకి, కాలేజీకి కాదు. కానీ గట్టి చెయ్యి ఏ దేశంలో పుట్టినా చూసేవాళ్లు ఉంటారని దాంతో తెలిసింది. మీ బాబుకి జూనియర్ కాలేజీలు, చదువుకి సాయం చేసే డివిజన్ త్రీ కాలేజీలు ముందు ప్రయత్నించదగ్గవి.

'చాలా గట్టిగా' అన్నది మాత్రం అంకెలోకి మారాలి. గంటకు 75 మైళ్లా, 85 మైళ్లా అన్నదాన్ని బట్టి మిగతా ప్లానంతా మారిపోతుంది. నా దగ్గర స్పీడ్ గన్ ఉంది, మా అమ్మాయి పంపింది. విద్యానగర్‌లో మా ఇంటి పక్కన గ్రౌండ్ ఆదివారం పొద్దున ఏడున్నర దాకా ఖాళీగా ఉంటుంది, ఆ తర్వాత క్రికెట్ పిల్లలు వచ్చేస్తారు. పత్రిక ఆఫీసుకి మీ ఫోన్ నంబరు రాయండి. బాబుని ఆరింటికల్లా తీసుకురండి, గ్లవ్, బూట్లు తెచ్చుకుంటే చాలు. పావుగంట వార్మప్ చేయించి ఇరవై బంతులు విసిరిస్తాను, వీడియో కూడా నేనే తీస్తాను.